మోడు వెనక వైపు

అనగనగా, ఎండలు ముదిరితే ఏరు మాయమైపోయే ఒక అడవి ఉండేది.

వానాకాలంలో ఆ ఏరు రెండు గట్లనీ ఒరుసుకుంటూ పారేది. మాఘమాసం వచ్చేసరికి ఎండిపోయి, అక్కడక్కడ నాలుగు మడుగులు మిగిలేవి. ఉగాది దాటాక ఆ మడుగులు కూడా ఉండేవి కావు. అంతా ఇసకే. కానీ నీళ్లు ఎక్కడికీ పోవు పిల్లలూ, ఇసక కింద దాక్కుంటాయి. లోతుగా గొయ్యి తవ్వితే ఊరుతాయి. ఆ గొయ్యినే చెలమ అంటారు.

ఆ అడవికంతటికీ ఒకటే చెలమ. రాత్రంతా ఊరిన నీళ్లు పొద్దున్నే దాని నిండా ఉండేవి. తేటగా, చల్లగా, రెండు వందల నోళ్లకు సరిపోయేవి. పొద్దుటి వంతు వాళ్లు తాగి వెళ్లాక, మధ్యాహ్నానికి మళ్లీ కాసిని ఊరేవి. అవి బురద నీళ్లు. అరవై నోళ్లకు మించి చాలేవి కావు.

మరి పొద్దుటి వంతు ఎవరిది? ఇవతలి గట్టు వాళ్లదా, అవతలి గట్టు వాళ్లదా?

పూర్వం దీని కోసం కొట్టుకునేవాళ్లు. కొమ్ములు విరిగేవి, చెవులు తెగేవి. చివరికి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఏరు ఎండగానే ఇసకలో గీత గీసి చెడుగుడు ఆడాలి. వారానికి ఒక ఆట. ఏడు వారాలు, ఏడు ఆటలు. అందులో నాలుగు గెలిచిన గట్టుకి ఆ ఎండాకాలమంతా పొద్దుటి వంతు. ఆట నడిచే రోజుల్లో ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. ముళ్లపంది ఏ జట్టులోనూ ఆడకూడదు. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు మరి.

ఇవతలి గట్టు జట్టుకి గురువు ఒక ముసలి ఉడుము. పేరు రాళ్లప్ప. ఉడుము పట్టు అంటుంటాం కదా, ఆ పట్టు ఆయనది. పదకొండేళ్లుగా ఆయనే నేర్పుతున్నాడు. ఆ పదకొండేళ్లలో తొమ్మిదేళ్లు పొద్దుటి వంతు ఇవతలి గట్టుకే వచ్చింది.

ఆయన నేర్పే తీరు వేరు. గుట్ట వాలులో ఒక నల్లటి బండ ఉంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి వానాకాలమంతా, వానకు తడిసిన ఆ జారుడు బండని పట్టుకుని ఉండాలి. రోజూ పొద్దున్నే, మూడు వందలు లెక్కపెట్టేదాకా. రెండో వానాకాలం ఏటిలో కొట్టుకుపోయే కొమ్మని పట్టుకోవాలి. మూడో వానాకాలం ఒకళ్లనొకళ్లు పట్టుకోవాలి. ఆ తరవాతే ఇసకలో ఆట. ఆటలో దిగాక కూడా పొద్దుటిపూట బండ మానకూడదు.

లచ్చి అనే జింక జట్టులో చేరిన కొత్తలో ఆయన్ని అడిగింది.

"మామా, నాకు గోళ్లు లేవు. గిట్టలతో ఎలా పట్టుకోను?"

"మోకాళ్లతో పట్టుకో. మెడతో పట్టుకో. పట్టు గోళ్లలో ఉండదే పిల్లా," అన్నాడు రాళ్లప్ప.

"అయినా బండ పారిపోదు కదా మామా. దాన్ని పట్టుకోవడం ఎందుకు?"

"బండ పారిపోదు. నువ్వు పారిపోతావు. అందుకే."

లచ్చి మూడు వానాకాలాలు పారిపోకుండా పట్టుకుంది.

నాలుగో ఏడు లచ్చి మొదటిసారి ఇసకలోకి దిగింది. అప్పటికి రాళ్లప్ప గురువై పన్నెండో ఏడు. జట్టులో ఏడుగురు. వాళ్లలో పాత ఆటగాళ్లు నలుగురు వయసు మీదపడి తప్పుకున్నారు. వాళ్ల చోట లచ్చితో కలిపి నలుగురు కొత్తవాళ్లు దిగారు. లచ్చి తల్లికి ఆ చలికాలంలోనే ఇంకో పిల్ల పుట్టింది. ఒంటి మీద చుక్కలు ఇంకా సరిగా తేలలేదు. లచ్చి ఆ చెల్లెల్ని ముద్దుగా బుచ్చి అనేది.

"ఈ ఎండాకాలం నీకు తేట నీళ్లే తాగిస్తాను," అని చెప్పి వెళ్లింది ఆట రోజున.

అవతలి గట్టు నుంచి దుమ్ములగొండి కూతకు వచ్చింది. చెడుగుడు, చెడుగుడు అంటూ గీత దాటింది. పెద్ద మెడ, బలమైన ముందుకాళ్లు. కొత్తవాళ్లు నలుగురూ దాన్ని చూసి నేర్చుకున్నదంతా మరిచిపోయారు. పట్టుకోవాల్సిన చోట వెనక్కి తగ్గారు. దుమ్ములగొండి పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ ఎవరినో ఒకర్ని తాకి, నవ్వుకుంటూ తిరిగి వెళ్లింది.

ఆట ముగిసేసరికి అవతలి గట్టుకి ముప్పై ఎనిమిది. ఇవతలి గట్టుకి ఆరు.

"రాళ్లప్పా," అంది దుమ్ములగొండి వెళ్తూ వెళ్తూ. "నీ వాళ్లకి బండని పట్టుకోవడమే వచ్చు. వచ్చే వారం నేను కదలకుండా నిలబడతాను, అప్పుడైనా పట్టుకుంటారేమో."

అవతలి గట్టంతా నవ్వింది.  లచ్చి ముఖం ఇసకలో పెట్టుకుని కూర్చుంది. రాళ్లప్ప దాని పక్కకి వచ్చి, తోక ఒకసారి ఇసక మీద ఆడించాడు.

"రేపు పొద్దున బండ దగ్గరికి రా," అన్నాడు. 

మాటలు మర్నాటి నుంచి మొదలయ్యాయి.

మొదట చిలక అంది, "ముప్పై రెండు తేడా. నేను పుట్టాక ఇంత ఓటమి చూడలేదు." చిలక పుట్టి మూడేళ్లే అయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

తరవాత కొండముచ్చు అంది, "ముసలాయనకి చూపు ఆనడం లేదు. నిన్న నేను చెయ్యి ఊపితే పలకలేదు."

ఆ తరవాత అడవిపంది అంది, "మధ్యాహ్నం పూట బండ మీద పడి నిద్రపోతున్నాడు. నేను కళ్లారా చూశాను."

ఎండలో రాయి మీద పడుకోవడం ఉడుములు ఎప్పుడూ చేసే పనే. కిందటేడు వరకు ఆయన అలా పడుకుంటే, ఎత్తులు ఆలోచిస్తున్నాడు, చప్పుడు చెయ్యకండి అనేవాళ్లు. ఇప్పుడు నిద్ర అన్నారు.

నాలుగో రోజున ఎలుగుబంటి ఎల్లమంద సభ పిలిచాడు. ఇవతలి గట్టుకి ఆయనే పెద్ద. అందరూ ఒక ఎండిన మద్దిచెట్టు మోడు దగ్గర చేరారు. ఆ మోడు మీదే ఆటల లెక్క ఉండేది. ఒక్కో ఆటకి రెండు వరసల చిల్లులు. పై వరస ఇవతలి గట్టువి, కింది వరస అవతలి గట్టువి. ఆ చిల్లులు పొడిచేది వడ్రంగిపిట్ట ముక్కన్న.

ముక్కన్నది చిన్న వయసు. చురుకైనవాడు. రెండేళ్ల కిందట వాళ్లమ్మ ముక్కు అరిగిపోయి లెక్క మానేస్తే, ఎవరూ పిలవకుండానే తనంతట తనే వచ్చి ఆ పని అందుకున్నాడు. ఏ లెక్క అడిగినా కళ్లు మూసి తెరిచేలోపు చెప్పేవాడు. కానీ ఎవరూ ఎక్కువగా అడిగేవాళ్లు కాదు. గెలిచిన ఏడు లెక్కలతో ఎవరికి పని?

"రాళ్లప్పా, మొదట నువ్వు చెప్పు," అన్నాడు ఎల్లమంద. "నీ పని అయిపోయిందా? నీ నోటితో నువ్వే చెప్పు."

రాళ్లప్ప కొంచెంసేపు నాలుక ఆడించాడు.

"నాకు తెలియదు పెద్దాయనా. ముసలితనం ఎవరికీ చెప్పి రాదు. వచ్చిందేమో. కానీ కొత్తవాళ్ల భయం బండ మీద పోదు. ఇసకలో పడ్డాకే పోతుంది. పడ్డారు. ఇంకో రెండు ఆటలు చూడండి. అప్పుడు కూడా ఇలాగే ఉంటే, మీరు చెప్పక ముందే నేను తప్పుకుంటాను."

"ఇంకో రెండు ఆటలు," అంది కొండముచ్చు. "రెండూ పోతే మూడు పోయినట్టు. ఆ తరవాత ఉన్న నాలుగూ గెలవాలి. నీళ్లు నీ ఒక్కడివే కాదు ముసలాయనా."

అది నిజమే. అందరికీ గొంతులు ఎండినట్టు అనిపించింది. ఎల్లమంద తల గోక్కుని మోడు వైపు చూశాడు.

"ముక్కన్నా, లెక్క నీ దగ్గర ఉంది. నువ్వు చెప్పు. ఈయన పని తగ్గుతోందా, లేదా?"

మొదటిసారి సభంతా ముక్కన్న వైపు తిరిగింది. ఎలుగుబంటి చూసింది, అడవిపంది చూసింది, చెట్ల మీది పిట్టలన్నీ చూశాయి. ముక్కన్న ఛాతీ పొంగింది. మోడు మీద వాలి, ముక్కుతో టకటకా తట్టుకుంటూ చూపించాడు.

"ఇదిగో ముందటేడు. ఆరు ఆటలు గెలిచాం. ఇదిగో కిందటేడు. నాలుగు గెలిచాం. ఏడాదికి రెండు తగ్గాయి. అంటే ఈ ఏడు రెండు. వచ్చే ఏడు సున్నా. మొన్నటి ఆట ఆ దారిలోనే ఉంది."

సభలో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. ఆరు, నాలుగు, రెండు, సున్నా. ఎంత చక్కగా ఉంది. చిలక అప్పుడే దాన్ని రాగం తీసి పాడుతోంది.

రాళ్లప్ప మెల్లగా అడిగాడు, "నాయనా, మోడు వెనక వైపు చూశావా?"

ముక్కన్న పొడిచింది రెండేళ్లే. వాటిని మోడు ముందు వైపు, అందరికీ కనబడే చోట పొడిచాడు. వాళ్లమ్మ పొడిచిన తొమ్మిదేళ్ల లెక్క వెనక వైపు ఉంది. ఆ వెనకంతా దూలగొండి తీగ అల్లుకుంది. దూలగొండి కాయల నూగు తగిలితే రెండు రోజులు ఒళ్లంతా దురద. ఈకల్లో దూరితే నాలుగు రోజులు. ముక్కన్న అటు వైపు ఒక్కసారి కూడా వెళ్లలేదు.

"నాకు అంకెలు గుర్తుండవు," అన్నాడు రాళ్లప్ప. "కానీ ఇలాంటి రోజులు వెనక ఇంకా ఉన్నాయనిపిస్తోంది."

"ఒకసారి చూడకూడదా ముక్కన్నా?" అంది లచ్చి. "కొంచెం దురదే కదా."

పిల్లలూ, ఇక్కడ కాసేపు ఆగుదాం. ముక్కన్న ఏమని ఉండాలి? చూడలేదు, చూసి చెబుతాను అనాలి. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ సభంతా అతన్నే చూస్తోంది. ఇప్పుడే అందరూ ఆహా అన్నారు. ఇంతలో తెలియదు అంటే ఎలా ఉంటుంది?

"అవసరం లేదు," అన్నాడు ముక్కన్న. "వెనకా ఇలాగే ఉంటుంది."

అంతే. ఆ మాటతో సభ రాళ్లప్పని తప్పుకోమంది.

రాళ్లప్ప ఎవరితోనూ వాదించలేదు. పొట్ట నేలకి ఆనించి ఈడ్చుకుంటూ గుట్ట అవతలి వైపుకి బయల్దేరాడు. కొత్తవాళ్లు నలుగురూ కొంతదూరం వెంట వెళ్లారు.

"పొద్దుటిపూట బండ మానకండి," అన్నాడు. "గురువు ఎవరైనా సరే. అది మానకండి."

కొత్త గురువుగా ముంగిస సూరీడుని పెట్టారు. సూరీడు చెడ్డవాడు కాదు. మంచి హుషారైనవాడు. ఇసకలో ఒక మూల నుంచి ఇంకో మూలకి దూకుతూ మాట్లాడేవాడు.

"బండలూ కొమ్మలూ పట్టుకోవడం ముసలాళ్ల ఆట. మనకి పట్టు ఎందుకు? గీత దాటు, తాకు, పరిగెత్తు. మనం తిరిగి వచ్చేస్తుంటే వాళ్లు ఎలా గెలుస్తారు?"

అందరికీ ఈ మాట నచ్చింది. బండని పట్టుకోవడం కంటే పరిగెత్తడం సరదాగా ఉంటుంది కదా.

రెండో ఆట గెలిచారు. ఇరవై ఎనిమిది, పదిహేడు. దుమ్ములగొండి కూతకి వచ్చినప్పుడు లచ్చి భయపడలేదు. మోకాళ్లతో దాని వెనక కాలిని పట్టుకుని కూత ఆగేదాకా వదల్లేదు. ఇవతలి గట్టు సూరీడుని ఎత్తుకుని ఊరేగింది.

మూడో ఆట గెలిచారు. ఇరవై అయిదు, ఇరవై.

నాలుగో ఆట కూడా గెలిచారు. ఇరవై రెండు, ఇరవై ఒకటి.

"చూశారా," అంది కొండముచ్చు. "మొన్నటిదాకా ఆ ముసలాయన చేతుల్లో పెట్టి ఎంత పాడుచేసుకున్నాం."

ముక్కన్న చిల్లులు పొడుస్తూ తనలో తను లెక్కపెట్టుకున్నాడు. గెలిచిన తేడా మొదట పదకొండు. తరవాత అయిదు. ఆ తరవాత ఒకటి.  ఈ దారి ఎక్కడికి పోతుందో కనబడుతూనే ఉంది. కానీ ఊరేగింపు మధ్యలో ఆ మాట ఎవరికి చెప్పాలి? చెప్పలేదు.

జట్టులో అప్పటికే బండ మానేశారు. లచ్చి ఒక్కతే పది రోజులు వెళ్లింది. పదకొండో రోజున దారిలో కుర్రకోతులు కనిపించి, "ఏం లచ్చీ, బండ పారిపోయిందా, వెతుక్కుంటున్నావా?" అన్నాయి. పన్నెండో రోజున లచ్చి వెళ్లలేదు.

అయిదో ఆటకి అవతలి గట్టు వాళ్లు పరుగుని ఎలా ఆపాలో కనిపెట్టారు. గీత దగ్గరే కాపు కాశారు. ఇవతలి వాళ్లు వెళ్లారు, తాకారు, తిరిగి రాలేకపోయారు. ఓడారు. ఆరో ఆటా ఓడారు. ఇప్పుడు ఇద్దరికీ మూడేసి.

ఏడో ఆట రోజున రెండు గట్లూ నిండిపోయాయి. మడుగుల్లో నీళ్లు అడుగంటాయి. బుచ్చి కూడా తల్లి కాళ్ల మధ్య నిలబడి చూసింది. చుక్కలు అప్పటికి చక్కగా తేలాయి.

ఆట ఆఖరికి పంతొమ్మిది, పంతొమ్మిది అయింది. చివరి కూత దుమ్ములగొండిది. అది గీత దాటి వచ్చి, జట్టులో ఆడుతున్న అడవిపంది భుజం తాకి వెనక్కి తిరిగింది. లచ్చి సరిగ్గా అందుకుంది. అదే కాలు, అదే పట్టు. దుమ్ములగొండి కింద పడింది. గీత ఇంకా రెండు మూరల దూరంలో ఉంది. దాని ఊపిరి సన్నబడుతోంది. చెడుగుడు అనే మాట గొంతులో చెడు, చెడు అని ముక్కలవుతోంది.

లచ్చి మనసులో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఒకప్పుడు మూడు వందలు లెక్కపెట్టిన మోకాళ్లు అవి. పదిహేనుకి వణికాయి. పద్దెనిమిదికి జారాయి.

దుమ్ములగొండి గీతని ముందుకాలితో తాకి, అక్కడే వెల్లకిలా పడి ఊపిరి పీల్చుకుంది. ఈసారి అది నవ్వలేదు.

పొద్దుటి వంతు అవతలి గట్టుకి పోయింది.

ఆ ఎండాకాలం గురించి నేను ఎక్కువ చెప్పను. ఇవతలి గట్టు వాళ్లు మధ్యాహ్నం ఎండలో కాలే ఇసక మీద నడిచి వెళ్లేవాళ్లు. అరవై నోళ్లకు చాలే బురద నీళ్లు నూట ఎనభై నోళ్లు తాగాలి. మొదట వెళ్లినవాళ్లకి నీళ్లు, తరవాత వెళ్లినవాళ్లకి బురద, చివర వెళ్లినవాళ్లకి తడి ఇసక. ఆ ఏడు ఇవతలి గట్టున పుట్టిన పిల్లలు ముప్పై ఒక్కటి. వానలు పడేసరికి పంతొమ్మిది మిగిలాయి.

బుచ్చి ఆ పంతొమ్మిదిలో లేదు.

అది పోయిన వారానికి, ఎండకి దూలగొండి తీగ పూర్తిగా మాడిపోయింది. గాలికి తీగంతా ఊడి నేల మీద పడింది. మోడు వెనక వైపు మొత్తం బయటపడింది.

ముక్కన్న అటు వెళ్లి వాలాడు. వాళ్లమ్మ పొడిచిన చిల్లులు వరసలు వరసలుగా ఉన్నాయి. మొదటి ఏటి నుంచి చదువుకుంటూ పైకి పాకాడు. నాలుగో ఏడు దగ్గర ఆగిపోయాడు. ఆ ఏటి మొదటి ఆటలో కింది వరసన ముప్పై అయిదు చిల్లులు. పైన అయిదు. చిత్తుగా ఓటమి. ఆ తరవాత ఆరు ఆటల్లో అయిదు గెలుపులు.

ఇంకా పైకి పాకాడు. ఎనిమిదో ఏడు. మొదటి ఆటలో కింద నలభై, పైన ఏడు. ఆ తరవాత ఆరింట్లో నాలుగు గెలుపులు.

నాలుగు, ఎనిమిది, పన్నెండు. నాలుగేళ్లకోసారి పాతవాళ్లు తప్పుకుంటారు. కొత్తవాళ్లు దిగుతారు. మొదటి ఆటలో పడతారు. ఆ తరవాత లేస్తారు. వాళ్లమ్మ ముక్కు అరిగేదాకా ఈ సంగతే పొడిచి పెట్టింది.

 ముక్కన్న నేరుగా ఎల్లమంద దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు.

"నేను చూడకుండా చెప్పాను పెద్దాయనా."

ఎల్లమంద బాగా చిక్కిపోయి ఉన్నాడు. కోప్పడే ఓపిక కూడా లేదు.

"నువ్వు చూడకుండా చెప్పావు," అన్నాడు. "నేను చూడమని పట్టుబట్టలేదు. పద, వెళ్దాం."

ముక్కన్న, ఎల్లమంద, లచ్చి గుట్ట దాటి వెళ్లారు. రాళ్లప్ప ఒక చదును రాతి మీద పడుకుని ఉన్నాడు. ఒంటి మీద పొలుసులు పాలిపోయాయి. వీళ్లని చూసి లేవబోయాడు. ముందుకాళ్లు రాతి మీద జారాయి. లచ్చి తల తిప్పుకుంది.

ముక్కన్న నేల మీదికి దిగి నిలబడ్డాడు.

"తాతా, వెనక వైపు చూశాను. నాలుగో ఏడు, ఎనిమిదో ఏడు. నా లెక్క తప్పు. నీ పని తగ్గలేదు."

రాళ్లప్ప తల అడ్డంగా ఆడించాడు.

"తగ్గింది నాయనా. ఇదిగో, నా రాయే నాకు జారుతోంది. కానీ ఆ ఓడిన రోజున తగ్గలేదు. ఇక్కడికి వచ్చాక తగ్గింది. ఎవరికీ ఏమీ నేర్పకుండా మూడు నెలలు కూర్చున్నాను కదా. ఆ మూడు నెలల్లో తగ్గింది."



"మళ్లీ రా రాళ్లప్పా," అన్నాడు ఎల్లమంద. "వానలు పడగానే కొత్తవాళ్లని పంపుతాను. మొదటి నుంచి మొదలుపెడదాం."

"పట్టు నేర్పడానికి మూడు వానాకాలాలు కావాలి," అన్నాడు రాళ్లప్ప. "నాకు ఒకటి ఉందేమో. అది కూడా నమ్మకంగా చెప్పలేను." తరవాత లచ్చి వైపు తిరిగాడు. "పిల్లా, బండ మానకుండా వెళ్తున్నావా?"

"పది రోజులు వెళ్లాను మామా. తరవాత అందరూ నవ్వారు."

"బండ నవ్వలేదు కదా," అన్నాడు రాళ్లప్ప. అని కళ్లు మూసుకున్నాడు. నిద్రో, ఆలోచనో, ఈసారి ఎవరూ పేరు పెట్టలేదు.

వానలు పడ్డాయి. ఎల్లమంద నలుగురు కొత్తవాళ్లని తీసుకుని గుట్ట దాటేసరికి, ఆ చదును రాయి మీద ఎవరూ లేరు. రాతి మీద అయిదేసి గోళ్ల గీతలు మాత్రం ఉన్నాయి. వాన నీళ్లు ఆ గీతల్లోంచి సన్నగా కారుతున్నాయి.

సూరీడు తప్పుకోగా, ఆ వానాకాలం నల్లబండ దగ్గర కొత్తవాళ్లకి పట్టు నేర్పింది లచ్చి. తనకి వచ్చినంత నేర్పింది. అన్నీ తనకి రావు. అడగడానికి ఎవరూ లేరు.

మళ్లీ ఏరు ఎండింది. మొదటి ఆట జరిగింది. ఇవతలి గట్టు ఓడింది. ముప్పై మూడు, పది.

నాలుగో రోజున సభ కూడింది. చిలక, ఇంత ఓటమి చూడలేదంది. కొండముచ్చు, ఈ జింకకి గురువు పని చేతకాదంది. అందరూ కలిసి మోడు వైపు తిరిగారు.

"ముక్కన్నా, నువ్వు చెప్పు. లచ్చి వల్ల అవుతుందా, కాదా?"

"తెలియదు," అన్నాడు ముక్కన్న.

"తెలియకపోవడం ఏమిటి? లెక్క నీ దగ్గరే ఉంది కదా."

"ఇది ఒక్క ఆట. ఒక్క ఆట చూసి నాకు తెలియదు."

"అయితే నువ్వెందుకు మాకు?" అంది కొండముచ్చు. కొందరు నవ్వారు.

 ముక్కన్న ఎగిరి మోడు వెనక్కి వెళ్లాడు. వానలకి దూలగొండి మళ్లీ మొలిచి, నిండా కాయలతో అల్లుకుని ఉంది. రెక్కలతో దాన్ని పక్కకి తోసుకుంటూ లోపలికి దూరాడు. నూగు ఈకల్లోకి దిగింది. ఒళ్లంతా మంట పుట్టింది. అట్టడుగున ఉన్న మొట్టమొదటి చిల్లు మీద ముక్కు ఆనించి, అందరికీ వినబడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

చాలాసేపు పట్టే లెక్క అది. కొండముచ్చు మధ్యలో లేచి వెళ్లిపోయింది. లచ్చి మాత్రం ఆఖరి చిల్లు దాకా కూర్చుని వింది.

నీతి: ఒక్క ఓటమిని చూసి ఎవరి పనీ అయిపోయిందని తేల్చకూడదు. వెనక ఏం జరిగిందో చూడకుండా చెప్పే జవాబు కంటే, తెలియదు అని చెప్పడమే మేలు.